ఒకే ఒరలో రెండు కత్తులు

‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అన్నారు మన పెద్దలు. రాజ్యాల విషయంలో ఈ మాట నిజమని చరిత్ర చాలాసార్లు రుజువు చేసింది. కాని ప్రతి సామెతకూ ఒక ఎల్ల ఉంటుంది. హైదరాబాదు పాతబస్తీలో రెండున్నర దశాబ్దాలుగా తెలుగు బోధిస్తున్న నాకు ఈ సామెత ఎల్ల ఎక్కడ ముగుస్తుందో రెండు తెలియజెప్పాయి. ఒకటి నేను నిత్యం నడిచే ఈ నగరం. రెండవది నా బల్లమీద ఉండే కంప్యూటరు. ప్రాచీన కావ్యాలు చదువుకున్న అధ్యాపకునికి కంప్యూటరుతో ఏమి పని అని మీకు సందేహం కలగవచ్చు. ఆ పని ఎలా పడిందో, దానివల్ల ఏమి తెలిసిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నగరం సంగతి. 1591లో చార్మినారు నిర్మాణంతో ఈ ఊరు వెలసింది. అంతకు పూర్వమే గోలకొండలో ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో పారసీకంతో పాటు తెలుగుకూ ఆదరణ లభించింది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ఆత్మీయంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్రము’ను అమీన్‌ఖాన్‌కు కృతి ఇచ్చాడు. ఇబ్రహీం కుమారుడు, నగర నిర్మాత అయిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీలో కవిత్వం చెప్పాడు. ఎడమ నుంచి కుడికి నడిచే లిపి ఒకటి, కుడి నుంచి ఎడమకు నడిచే లిపి మరొకటి. ఈ రెండూ నేటికీ పాతబస్తీలో ఒకే దుకాణం బోర్డుమీద పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని దారికి మరొకటి అడ్డురాదు.

ఈ సహజీవనం ప్రత్యక్షంగా కనిపించే చోటు ఛత్తా బజార్. ఒకప్పుడు అక్కడ ఉర్దూ లేఖకులు కలం పట్టి నస్తాలీఖ్ లిపిలో పెళ్లిపత్రికలు, గోడపత్రికలు రాసేవారు. పాకిస్తాన్‌కు చెందిన లిపికారుడు మీర్జా అహ్మద్ జమీల్ 1981లో ఆ లిపిలోని వేలాది అక్షర సంయోగాలను యంత్రానికి అనువుగా సిద్ధం చేశాడు. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు రావడంతో ఆ లిపి మామూలు కంప్యూటరుకూ అందింది. దానితో కలం పక్కన కీబోర్డు చేరింది. అదే కాలంలో తెలుగు అచ్చుపనికీ ప్రత్యేకమైన ఫాంట్లు వచ్చాయి. అక్షరాల ఆకృతుల సముదాయాన్నే ఫాంట్ అంటారు. ఒకే ముద్రణాలయంలో, ఒకే యంత్రం ముందు కూర్చున్న ఆపరేటరు పొద్దున ఉర్దూ పెళ్లిపత్రికను, సాయంత్రం తెలుగు శుభలేఖను కంపోజు చేయడం నేను కళ్లారా చూశాను.

1999లో నా సిద్ధాంత గ్రంథం అలాంటి ఒక ముద్రణాలయంలోనే కంపోజు అయింది. కుతుబ్‌షాహీల కాలంనాటి తెలుగు కావ్యాలు నా పరిశోధనాంశం. ఆ రోజుల్లో మా గురువుగారు మరొక పని కూడా అప్పగించారు. అచ్చతెలుగు కావ్యాలలో కనిపించే పదాలను ఆయన నలభై ఏళ్లపాటు సేకరించారు. ‘నెత్తమ్మి’ అంటే తామర, ‘జక్కవ’ అంటే చక్రవాకం అని అర్థాలు రాసి ఊరుకోలేదు. ఆ పదం ఏ పల్లెలో ఇంకా నాలుకల మీద ఉందో, ఏ వృత్తివారు దానిని ఏ అర్థంలో వాడుతున్నారో కూడా రాశారు. నిఘంటువులలో దొరకని సమాచారం అది. “దీనిని కూడా కంపోజు చేయించు నాయనా, నా తర్వాత ఎవరికైనా పనికివస్తుంది” అన్నారు. సుమారు నాలుగు వేల పదాలు. ఆపరేటరు ఓపికగా కంపోజు చేసి, సీడీలో వేసి ఇచ్చాడు. పుస్తకంగా వేయడానికి అప్పట్లో ఎవరూ ముందుకు రాలేదు. మరికొన్నేళ్లకు గురువుగారు కన్నుమూశారు. ఆయన చేతిరాత పుస్తకాలు, ఆ సీడీ నా దగ్గర మిగిలాయి.

ఇక కంప్యూటరు సంగతి. యంత్రం అంటే లోహం, ప్లాస్టిక్, విద్యుత్తు. దానికి తనంతట తానుగా ఏ పనీ తెలియదు. మీట నొక్కినప్పుడు ఏ అక్షరం చూపాలో, దాచిన పత్రం ఎక్కడ ఉందో, ముద్రణ యంత్రానికి ఎలా కబురు పంపాలో చెప్పే ప్రధాన కార్యక్రమం ఒకటి ఉండాలి. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మనం నిర్వహణ వ్యవస్థ అనుకోవచ్చు. విండోస్, మాక్, లినక్స్ అలాంటివే. ఒక వ్యవస్థ కోసం తయారైన సాఫ్ట్‌వేరు సాధారణంగా మరొక వ్యవస్థలో పనిచేయదు. అందుచేత ఒక వ్యవస్థను విడిచి మరొక వ్యవస్థకు మారడమంటే ఇల్లు మారడం వంటిది. సామాను వెంట వస్తుంది గాని, పాత గోడకు చేయించుకున్న అలమర కొత్త గోడకు సరిపోకపోవచ్చు.

2004లో నేను సొంతంగా కంప్యూటరు కొన్నాను. అందులో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. ముద్రణాలయంవారి ఫాంట్లు కూడా వేయించుకున్నాను. 2007లో ఇంజనీరింగు చదువుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి ఒక డిస్కు చూపించాడు. “సార్, ఇది లినక్స్. తపాలాలో ఉచితంగా వచ్చింది. మీ కంప్యూటరులో వేస్తాను” అన్నాడు. నిజమే, ఉబుంటు అనే లినక్స్ రూపాన్ని తయారుచేసినవారు అడిగినవారికి తపాలా ఖర్చు కూడా తీసుకోకుండా 2011 వరకు డిస్కులు పంపేవారు. గురువుగారి పదాలు ఆ యంత్రంలోనే ఉన్నాయి గనుక నాకు భయం వేసింది. “ఉన్నది పోతుందేమో, నాయనా” అన్నాను. “ఇల్లు కూల్చం సార్, మధ్యలో ఒక గోడ కడతాం” అన్నాడు అతడు.

అతడు చెప్పినది అక్షరాలా నిజం. హార్డ్‌డిస్కును భాగాలుగా విభజించవచ్చు. ఒక భాగంలో ఒక వ్యవస్థ, మరొక భాగంలో మరొక వ్యవస్థ నివసిస్తాయి. యంత్రం మేలుకోగానే ‘గ్రబ్’ అనే చిన్న కార్యక్రమం ద్వారపాలకునిలా నిలబడి, ఎవరి వాకిలి తెరవాలని అడుగుతుంది. బాణం గుర్తుతో ఎంచుకుంటే ఆ వ్యవస్థ మేలుకుంటుంది. రెండవది నిద్రపోతూ ఉంటుంది. ఒరలో కత్తులు రెండే, అయితే ఒకసారి ఒకటే బయటికి వస్తుంది. గోడ కట్టే ముందు విలువైన పత్రాలన్నింటికీ వేరేచోట నకలు తీసిపెట్టుకోవడం మాత్రం తప్పనిసరి. ఆ పని పూర్తయ్యేదాకా నా విద్యార్థి మీట నొక్కలేదు. ఆ క్రమశిక్షణ నాకు నచ్చింది.

కొత్త వాటాలో కాపురం నాకొక కొత్త చదువు అయింది. 1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఉద్యమం ప్రారంభించాడు. సాఫ్ట్‌వేరు ఎలా పనిచేస్తుందో తెలుసుకునే, మార్చుకునే, ఇతరులతో పంచుకునే స్వేచ్ఛ అందరికీ ఉండాలన్నది ఆయన వాదం. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవైయొక్క సంవత్సరాల విద్యార్థి ఆ స్వేచ్ఛకు తగిన కేంద్ర భాగాన్ని రాయడం మొదలుపెట్టాడు. అదే లినక్స్. ఈ మాట మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఎందుకంటే ఆయన వయస్సు మీకంటే నాలుగైదు సంవత్సరాలే ఎక్కువ. మన హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు లినక్స్ తెరమీది మాటలను తెలుగు చేసేందుకు శ్రమించారు. తెరమీద తెలుగు ఆదేశాలు చూసినప్పుడు, నన్నయ నాటి భాషకు ఈ యంత్రం పరాయిది కాదని నాకు ధైర్యం కలిగింది.

ఆ రెండు వాటాల మధ్య ఒక విచిత్రం గమనించాను. లినక్స్‌లో కూర్చుని విండోస్ వాటాలోని పత్రాలను తెరవవచ్చు. విండోస్‌లో కూర్చుంటే మాత్రం, ప్రత్యేకమైన ఉపకరణం లేనిదే, లినక్స్ వాటాలోని పత్రాలు కనబడవు. ఒక పొరుగువారికి రెండు భాషలు వచ్చు, మరొక పొరుగువారికి తమ భాష ఒక్కటే వచ్చు. పాతబస్తీ గల్లీలలో ఎవరికి ఎక్కువ మంది స్నేహితులుంటారో మీరే చెప్పగలరు. అయితే లినక్స్ నుంచి గురువుగారి పదకోశాన్ని తెరిస్తే అక్షరాలు అక్షరాలుగా కనిపించేవి కావు. విండోస్ వాటాకు వెళ్లి తెరిస్తే సుబ్బరంగా కనిపించేవి. అందుకే ఆ వాటాను ఖాళీ చేయలేదు.

కాలం ఆగదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి తయారీదారుల మద్దతు ముగిసింది. మరుసటి సంవత్సరం నా పాత యంత్రం కూడా మూలపడింది. కొత్త యంత్రంలో తెలుగు రాయడం సులభమైంది. కాని ముద్రణాలయంవారి పాత సాఫ్ట్‌వేరు అందులో పనిచేయలేదు. చేతిరాత పుస్తకాలు ఉన్నాయి గదా అని మనసుకు ఒక నిబ్బరం ఉండేది. 2020 అక్టోబరులో కుండపోత వర్షాలు కురిసి పాతబస్తీలోని పల్లపు ప్రాంతాలెన్నో నీటమునిగాయి. మా ఇంట్లోకీ నీరు వచ్చింది. కింది అరలోని పుస్తకాలన్నీ తడిసిపోయాయి. గురువుగారు సిరాకలంతో రాసేవారు. నీరు తీసిన తర్వాత పుటలు విప్పితే నీలిరంగు మరకలు తప్ప చాలాచోట్ల మరేమీ మిగలలేదు. పై అరలోని సీడీ మాత్రం క్షేమంగా ఉంది. నలభై ఏళ్ల శ్రమకు అదొక్కటే ఆధారమైంది.

సీడీ తెరిచాను. పత్రం తెరుచుకుంది. కాని తెరమీద తెలుగు లేదు. ఆంగ్లాక్షరాలు, వాటి నడుమ యూరప్ భాషల గుర్తులు, అర్థంలేని చిహ్నాలు వరుసగా నిలబడ్డాయి. దీనికి కారణం తెలుసుకోవడం అవసరం. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. పాత ఫాంట్లు ఆంగ్ల లిపికి కేటాయించిన సంఖ్యల చోటనే తెలుగు ఆకృతులను కూర్చోబెట్టాయి. అది కూడా అక్షరాలుగా కాదు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట, ఇలా సీసపు టైపుల పెట్టెలోని అరల లాగా ముక్కలుగా అమర్చాయి. ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనుక అన్నది కాగితం మీది ఆకృతిని బట్టి ఉంటుంది గాని ఉచ్చారణను బట్టి కాదు. ఆ ఫాంట్ ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంట్ తొలగితే అది ఏ భాషా కాదు.

యూనికోడ్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. ప్రపంచ భాషల లిపులన్నింటికీ వేర్వేరు సంఖ్యలు కేటాయించిన ఉమ్మడి ఒప్పందం అది. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. అందులో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ‘నెత్తమ్మి’ అని రాస్తే న, ఎత్వం, త, పొల్లు, త, మ, పొల్లు, మ, గుడి అనే తొమ్మిది సంఖ్యలు మనం పలికే క్రమంలోనే నిలుస్తాయి. వాటిని ఏ ఆకృతిలో చూపాలన్నది ఫాంట్ పని. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన 2000’లో చూసినా, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ‘గౌతమి’లో చూసినా, లినక్స్‌లో చూసినా ఆ పదం అదే పదం. పాత పద్ధతి రూపాన్ని దాచింది, కొత్త పద్ధతి వర్ణాన్ని దాచింది. వ్యాకరణం చదువుకున్నవారికి ఈ భేదం వెంటనే అర్థమవుతుంది.

నేను మళ్లీ ఛత్తా బజార్‌కు వెళ్లాను. నాటి ఆపరేటరు తల నెరిసింది. ఆయన ఇప్పటికీ ఒక మూల పాత కంప్యూటరును నడుపుతున్నాడు. “సార్, పాత మిషన్ పారేస్తే పాత పనంతా పారేసినట్టే. తాతల పెళ్లిపత్రిక నమూనా కావాలని మనుమలు వస్తారు” అన్నాడు. ఫాంట్ల అసలు డిస్కు జాగ్రత్తగా దాచి ఉంచాడు. అప్పటికి నా విద్యార్థి హైటెక్ సిటీలో ఉద్యోగి. ఆదివారాలు వచ్చి పనికి కూర్చున్నాడు.

ఈసారి గోడ కట్టలేదు. వర్చువల్ మెషీన్ అనే పద్ధతిని వాడాడు. నడుస్తున్న కొత్త వ్యవస్థలోనే ఒక కల్పిత కంప్యూటరును సృష్టించి, అందులో పాత వ్యవస్థను నిలపడం ఆ పద్ధతి. జ్ఞాపకశక్తిలో కొంత, డిస్కులో కొంత దానికి పంచి ఇస్తారు. తాను వేరొకరి ఇంట్లో ఉన్నానన్న సంగతి ఆ పాత వ్యవస్థకు తెలియదు. మన కథలలో పరకాయ ప్రవేశం గురించి చదువుకున్నాం. విక్రమార్కుని కథలో ఒక దేహంలో ఒకే ప్రాణం ఉంటుంది. ఇక్కడ మాత్రం ఒకే దేహంలో రెండు ప్రాణాలూ ఒకేసారి మేలుకొని ఉన్నాయి. నా పాత యంత్రంతో వచ్చిన డిస్కునుంచి ఎక్స్‌పీని, ఆపరేటరు ఇచ్చిన డిస్కునుంచి ఫాంట్లను అందులో వేశాడు. పత్రం తెరిచాడు. గురువుగారి మొదటి పదం తెరమీద తెలుగులో కనిపించింది. మేమిద్దరం కొంతసేపు ఏమీ మాట్లాడలేదు.

అంతటితో పని పూర్తి కాలేదు. చూడగలిగాం గాని, బయటికి తీసుకువస్తే మళ్లీ గజిబిజి చిహ్నాలే. పాత సంఖ్యల వరుసలను యూనికోడ్‌లోకి మార్చే చిన్న కార్యక్రమాన్ని నా విద్యార్థి సిద్ధం చేశాడు. నూటికి తొంభై పాళ్లు సరిగా వచ్చింది. వత్తులు, ముఖ్యంగా రావత్తు ఉన్నచోట తడబడింది. మిగిలిన పని మనిషిదే. ఒక కిటికీలో పాత వ్యవస్థ, పక్క కిటికీలో కొత్త వ్యవస్థ, చేతిలో మరకలు పడిన పుస్తకం పెట్టుకొని పదం పదం సరిచూశాను. ఎనిమిది నెలలు పట్టింది. అరవైకి పైగా పదాలకు వివరణలు పూర్తిగా దక్కలేదు. వాటిని ఊహతో పూరించకుండా, ఖాళీలను ఖాళీలుగానే ఉంచాను. పరిష్కర్త ధర్మం అది.

ఈ పనిలో ఉండగా నాకు తరచూ సి.పి. బ్రౌన్ గుర్తుకు వచ్చేవాడు. 1798లో జన్మించిన ఆ ఆంగ్లేయుడు శిథిలమవుతున్న తాళపత్రాలను వెదికి, పండితులను నియమించి, కాగితం మీదికి శుద్ధప్రతులు రాయించాడు. తాటియాకు ఒక వ్యవస్థ, కాగితం మరొక వ్యవస్థ. ఆయన కాలంలో కొంతకాలం రెండూ ఒకే బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి. కొత్త ప్రతి సిద్ధమై, సరిచూడటం ముగిసేదాకా పాత ప్రతిని ఎవరూ పారవేయలేదు. నా విద్యార్థి ఆదివారాలు చేసిన పని కూడా ఇదే. తాళపత్రం నుంచి కాగితానికి, కాగితం నుంచి సీసపు టైపుకు, టైపు నుంచి తెరకు ఒక్కొక్క తరం ఒక్కొక్కసారి మోసుకురావడం వల్లనే ప్రాచీన సాహిత్యం మనదాకా వచ్చింది. మోయని తరంతో ఆ గ్రంథం ప్రయాణం ఆగిపోయింది.

ఈ అవసరం ముందు ముందు మీకూ తప్పదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. నేడు మీ చేతిలో ఉన్న ఫోనుకూ అలాంటి తేదీ ఒకటి వస్తుంది. కొత్తదానికి మారడం తప్పు కాదు, పాతదానిని ప్రేమించడమూ తప్పు కాదు. మారేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను రాసినది అందరూ అంగీకరించిన సంఖ్యలలో ఉన్నదా? ఈ ఒక్క యంత్రం, ఈ ఒక్క సాఫ్ట్‌వేరు లేకపోయినా అది తెరుచుకుంటుందా? దాని ప్రతి మరొకటి మరొక చోట ఉన్నదా? మూడింటికీ అవునని జవాబు చెప్పగలిగిన నాడు మీరు ఏ వ్యవస్థలో కాపురమున్నా ఒకటే.

రెండు భాషలు వచ్చినవాడు ఏ భాషకూ బానిస కాడు. రెండు వ్యవస్థలు తెలిసినవాడూ అంతే. అక్షరమంటే నశించనిదని మన పూర్వులు అర్థం చెప్పారు. ఆ మాట దానంతట అది నిజం కాదు. ఎవరో ఒకరు ప్రతి తరంలోనూ పూనుకొని దానిని నిజం చేస్తూ రావాలి. గురువుగారి పదకోశం ఇప్పుడు మా కళాశాల గ్రంథాలయంలోని కంప్యూటరులో ఉంది. విద్యార్థులెవరైనా తెరిచి చదువుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఖాళీగా మిగిలిన ఆ అరవై పదాలలో ఏ ఒక్కటి మీ ఊళ్లో, మీ అమ్మమ్మ నోట వినిపించినా, రాసి పంపండి.